కుర్చీలో కూర్చుంటేనే కబుర్లు

మా ఆయనకి సెలూన్ ఉంది. ఆయన కత్తెర కంటే నోరే ఎక్కువ ఆడుతుంది. గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ళు సగం గడ్డం నురగతోనే ఉండగా ఊరి సంగతులన్నీ వింటారు. అలాంటి మనిషి నోటికి తాళం వేసింది నేనే.

పాపని రెండు భాషల ఇంటర్నేషనల్ స్కూల్లో వేశాం. వారం తిరక్కుండా పేరెంట్స్ కమిటీ ఒక ఒప్పందపత్రం పంపింది. ఇంటా బయటా పిల్లతో తల్లి ఒక భాష, తండ్రి ఇంకో భాష మాట్లాడాలట, కలపకూడదట. నేను తెలివిగా తెలుగు దగ్గర టిక్కు కొట్టేశాను. మిగిలిన ఇంగ్లీషు కింద ఆయన సంతకం పెట్టాడు. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు మొత్తం నలభై మాటలు. అందులో పది షాంపూ సీసాల మీద నేర్చుకున్నవి.

పత్రాన్ని ఫ్రిజ్‌కి అంటించి, కాపలా కాశాను.

"కమ్. షూ. ఈట్. గుడ్." మూడు నెలలు పాపతో ఆయన మాట్లాడింది ఇంతే. ఓసారి పాప ఏనుగు బొమ్మ వేసి చూపిస్తే, తెగ ఆలోచించి, "ఎలిఫెంట్. స్ట్రాంగ్ అండ్ షైనీ," అన్నాడు. నోరు జారి తెలుగు మాట వస్తే నేను ఫ్రిజ్ వైపు చూపించేదాన్ని. స్కూల్ గేటు దగ్గర ఇంకో తండ్రి, టైల్స్ కొట్టు నడిపే ఆయన, కూడా కొడుకుతో, "బ్యాగ్. వాటర్. కార్," అంటూ నుదురు తుడుచుకునేవాడు. కమిటీ సెక్రటరీ మా అందరినీ తెగ మెచ్చుకుంది. నేనూ పొంగిపోయాను.

ఒక శనివారం క్యారియర్ ఇవ్వడానికి పాపని తీసుకుని సెలూన్‌కి వెళ్ళాను. ఇంటి ఓనరు విగ్గుని పక్కింటి కుక్క ఎత్తుకుపోయిన కథ చెబుతున్నాడాయన. కుర్చీలో మనిషి కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. పాప గుమ్మంలోనే నిలబడి వింటోంది.

ఆ మనిషి అలా దిగాడో లేదో, పాప ఇలా కుర్చీ ఎక్కేసింది. గుడ్డ తనే మెడకి చుట్టుకుంది.

"జుట్టు కత్తిరించు నాన్నా."

ఆయన నా వైపు భయంగా చూసి, "హెయిర్ గుడ్. నో కట్," అన్నాడు.

"ఇందులో కూర్చున్నవాళ్ళతో మాట్లాడతావుగా? నేనూ కూర్చున్నాను. నాతో కూడా మాట్లాడు."

నాకు ఏడుపొచ్చేసింది. పిల్లకి తండ్రిని దూరం చేసి, పైగా మెప్పు కూడా పొందాను.

"ఆ కుక్క సంగతి దానికి చెప్పండి," అన్నాను.

"మరి ఫ్రిజ్ మీద కాగితం?"

"దాని సంగతి నేను చూసుకుంటాలెండి. మీరు చెప్పండి."

ఇంక చూడాలి! మూడు నెలల కబుర్లు ఒక్కసారిగా ఊడిపడ్డాయి. ఆయన నోరు ఆడినంతసేపూ కత్తెర కూడా ఆడింది. కుక్క దొరికేసరికి పాప జుట్టు భుజాల మీంచి చెవుల పైకి వెళ్ళిపోయింది. పాప మాత్రం అద్దం వైపు చూడనే లేదు. నాన్న మొహమే చూస్తూ కూర్చుంది.

సోమవారం గేటు దగ్గర ఆ క్రాపు చూసి అందరూ ఏమైందని అడిగారు. పాప జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పేసింది. సెక్రటరీ మొహం మాడ్చుకుంది.

సాయంత్రం టైల్స్ కొట్టు ఆయన తన కొడుకు చెయ్యి పట్టుకుని సెలూన్‌కి వచ్చాడు.

"కటింగ్ ఎవరికండీ?" అన్నాడు మా ఆయన.

"కటింగ్ ఏమీ వద్దు," అన్నాడాయన చిన్నగా. "మావాడితో మాట్లాడాలి. ఒక్క అరగంట ఆ కుర్చీ ఇవ్వండి చాలు."