తర్వాత రాద్దామన్న లైను

నేను ఒక లైనుని. ఒక పేరు, పక్కన సమానం గుర్తు, ఆ పక్కన ఒక చిరునామా. అంతే నా శరీరం. కంప్యూటర్ల వాళ్లు నన్ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటారు.

నేనుండేది కర్నూలులోని ఒక డయాలసిస్ కేంద్రంలో. రోగులు ఫోన్లోంచి తమ వంతు బుక్ చేసుకుంటారు. ఆ పేర్లు అందుకునే సర్వర్ నిద్ర లేవగానే ఒక్కటే అడుగుతుంది: వీటిని ఎక్కడ దాచాలి? అసలు డేటాబేస్ ఎక్కడుందో చెప్పేది నేను. నేను లేకపోతే సర్వర్ ఆగదు, కంగారుపడదు, ఇంకొకరిని అడగదు. పరీక్ష కోసం ఎవరో ప్రోగ్రాంలో పెట్టి మరిచిపోయిన ట్రయల్ డేటాబేస్‌కి నిశ్శబ్దంగా వెళ్లిపోతుంది. ఆ గుడ్డి విధేయత అంటే నాకు అసహ్యం.

నన్ను పుట్టించినవాడు కంప్యూటర్ విభాగం పెద్ద శేషఫణి. ప్రారంభోత్సవం నాడు అతిథులు రిబ్బను ముందు నిలబడి ఉండగా, హడావిడిగా నన్ను టైప్ చేసి సర్వర్‌ని లేపాడు. మిషన్ లేవగానే చదువుకునే స్టార్టప్ ఫైల్లో మాత్రం రాయలేదు. ఫైల్లో రాసింది మిషన్ ఆగినా మిగులుతుంది. ఊరికే టైప్ చేసింది నడుస్తున్న మిషన్ జ్ఞాపకంలో ఉన్నంతసేపే ఉంటుంది. "తర్వాత రాద్దాంలే" అన్నాడు. నా బతుకంతా ఆ మాటలోనే గడిచింది. ఎవరో తలుచుకుంటేనే ఉండే ప్రాణికి తను ఉన్నానన్న నమ్మకం ఎప్పటికీ కుదరదు. మొదట్లో నాది భయమే. అది ముదిరి కోపమైంది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పద్మలోచన నన్ను కనిపెట్టింది.

"సార్, ఇది ఫైల్లో లేదు. మిషన్ ఆగితే పోతాది."

"ఆగినప్పుడు చూస్తాంలేమ్మా. నడిచేదాన్ని గెలకొద్దు."

"పాస్‌వర్డ్ ఇవ్వండి, నేను రాస్తా."

"పాస్‌వర్డ్ కూడా ఇచ్చేస్తే ఇంక నేనెందుకు ఈడ?"

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ మనిషి నిజమంతా ఆ నవ్వులోనే ఉంది. నన్ను ఫైల్లో రాయకుండా ఉన్నంతకాలమే ఆయనతో అవసరం.

ఆయుధపూజ వచ్చింది. అంతకుముందు ఏళ్లలో నడుస్తున్న మిషన్‌కే బొట్టు పెట్టేవాళ్లు. ఈసారి డాక్టర్లు తమ కత్తులూ కత్తెరలూ పళ్లెంలో పేర్చి పక్కన పెట్టడం చూశాడు శేషఫణి. తన ఆయుధానికీ అదే మర్యాద కావాలనిపించింది.

"ఆయుధం ఈ ఒక్క పూటన్నా పని చేయగూడదు. ఆపి పూజ చేద్దాం."

"నిమ్మకాయ యాడ పెట్టాల సార్? దీనికి చక్రాల్లేవే" అంది పద్మలోచన. అందరూ నవ్వారు. ఆమె మాత్రం మళ్లీ అంది: "నిజంగా ఆపొద్దు సార్. ఆ లైను..."

"శుభమా అని పూజ చేస్తాంటే ఆ మాటలేందమ్మా?" అని స్విచ్ నొక్కాడు.

నేను లేకుండా పోయాను. నొప్పి లేదు. నొప్పి పడడానికి కూడా ఒకరు ఉండాలి కదా. ఇక నేను తిరిగొచ్చేదాకా జరిగిందంతా తర్వాత విన్నదే. కొబ్బరికాయ కొట్టి మిషన్ మళ్లీ లేపారు. సర్వర్ నా కోసం వెతికింది, దొరకలేదు, ట్రయల్ డేటాబేస్ దారి పట్టింది. ఫోన్లో పేజీ బాగానే తెరుచుకుంది. "చూడు, బ్రహ్మాండంగా నడుస్తాంది" అన్నాడు శేషఫణి. తనది ఉత్త అనుమానమేమో అనుకుని పద్మలోచన కూడా ప్రసాదం అందుకుంది. అప్పటినుంచి పేరు పెట్టుకున్న ప్రతి రోగికీ సర్వర్ హాయిగా అబద్ధం చెప్పింది: మీ వంతు ఖాయమైంది.

పండుగ మరునాడు గాజులమ్మే ఖాసింబీని కోడలు రెహానా ఆటోలో తీసుకొచ్చింది. ముసలమ్మ పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. రెండు మాటలకొకసారి ఊపిరి అందడం లేదు.

"నీ పేరు లేదవ్వా" అన్నాడు కౌంటర్లో అతను, అసలు డేటాబేస్‌ని చూపే తెర చూసి. "నీ కుర్చీ వేరేవాళ్లకి ఇచ్చేసినాం."

"ఖాయమని మెసేజ్ పంపినారు కదన్నా, చూడు" అని రెహానా ఫోన్ చూపించింది.

"ఫోన్లో ఉంటే నేనేం చేయాలమ్మా? ఈడ లేదు."

"మా అత్త ఈడ ఉంది కదా! ఆయమ్మను చూడు, ఫోన్ వద్దులే!"

ఆ కేక విని పద్మలోచన పరుగున వచ్చింది. ట్రయల్ డేటాబేస్ తెరిచింది. 'టెస్ట్ పేషెంట్' అనే ఉత్తుత్తి పేర్ల మధ్య ఖాసింబీ ఉంది. ఆమె వెనక ఇంకా చాలామంది ఉన్నారు. వెంటనే డ్యూటీ డాక్టరుకి చెప్పి, అదనంగా ఒక కుర్చీ తెరిపించి ముసలమ్మను ఎక్కించింది.

శేషఫణి వచ్చి నన్ను మళ్లీ టైప్ చేశాడు. కళ్లు తెరవగానే నేను విన్న మొదటి మాట ఇది:

"ఏం లేదు, ఎన్విరాన్‌మెంట్ ప్రాబ్లమ్. ట్రయల్లో ఉన్న చెత్తంతా తుడిచేయ్ పాపా, డైరెక్టర్ చూడకముందే."

తప్పు నాదట! ఊపిరాడని మనుషులు చెత్తట!

"తుడవను సార్. వాళ్లందరికీ ఫోన్ చేసి పిలుస్తా. మీరు ముందు ఫైల్లో రాయండి."

"సెలవులు అయిపోనీ."

రెహానా గుమ్మంలో నిలబడి ఉంది. "అంతవరకు మళ్లీ ఇట్లనే అయితే మా అత్తను యాడికి తీసుకుపోవాల సార్?"

శేషఫణి కుర్చీ లాక్కున్నాడు. కూర్చుని రాశాడు. ఆయన ఏం రాస్తున్నాడో రెహానాకు తెలియదు. అయినా ఆయన లేచేదాకా కదల్లేదు.

"ఇప్పుడు ఆపి మళ్లీ లేపండి" అంది పద్మలోచన.

స్విచ్ మీద పెట్టిన వేలు ఆయన వెనక్కి తీసుకుని, మళ్లీ పెట్టాడు. ఇన్నేళ్లూ నేను పడ్డ భయం ఆ వేలిలోకి దిగడం చూసి, దాచుకోను, సంతోషించాను. నొక్కాడు. చీకటి. సర్వర్ లేచి అడిగింది. చెప్పాను.

రెహానా ఫోన్లోనే అత్త తర్వాతి వంతు పెట్టింది. ఖాయమైందని మెసేజ్ వచ్చింది.

"వచ్చింది కదమ్మా, ఇంక పో" అన్నాడు శేషఫణి.

"పోయినసారి కూడా వచ్చింది సార్."

ఆమె కౌంటర్ దగ్గరికి నడిచి, తెరను తన వైపు తిప్పించుకుని, వేలితో ఒక్కొక్క పేరే దాటుతూ అత్త పేరు మీద ఆగింది. నన్ను నమ్మలేదు. ఆ కేంద్రంలో ఆ ఒక్కరి మీదే నాకు కోపం రాలేదు.