లైనుకు ఒక్క బిళ్ల

మా చెల్లెలి బిడ్డ రెండు నెలలు ముందే పుట్టింది. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో, ముక్కులో గొట్టంతో పడుకుని ఉంది. చెయ్యి నా బొటనవేలంత. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. బతుకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

చూడ్డానికి వచ్చినవాళ్లు మాత్రం చెప్పడానికి చాలా మోసుకొచ్చారు.

"ఎడంపక్కకి తిరిగి పడుకోమంటే విన్నదా? ఎంతసేపూ ఆ ఫోను. దీనికి అన్నీ తొందరే, బిడ్డకీ అదే తొందర," అంది చెల్లెలి అత్తగారు. పక్కనున్నవాళ్లు నవ్వారు కూడా. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. మంచం మీద చెల్లెలు గోడవైపు తిరిగిపోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ ఇంట్లో ఉన్నది ఒక్క గది, దానికి ఒక్క కిటికీ. మీ అబ్బాయి అందులోనే కూర్చుని సిగరెట్లు ఊదుతుంటే ఒక్కరోజైనా బయటికి పొమ్మన్నారా అత్తయ్యగారూ?" అన్నాను. మా మరిది నేలచూపులు చూశాడు. ఆవిడ మూతి తిప్పుకుంది.

ఇంతలో డాక్టరమ్మ వచ్చి, నన్ను తప్ప అందరినీ బయటికి పంపింది. ఇదీ కారణమని ఒక్కటే చెప్పలేనంది. ఇంట్లో పొగ, తీరిక లేని పని, వేళకు తినకపోవడం, అన్నీ కలుస్తాయంది. "కానీ మూత్రంలో ఇన్ఫెక్షను బాగా ముదిరిపోయింది. నొప్పులు దాన్నుంచే మొదలై ఉండొచ్చు. నువ్వు నీళ్లు తాగవా తల్లీ?"

చెల్లెలు నా వైపు చూసింది. నేను దాని వైపు చూశాను.

మేమిద్దరం చొక్కాలు కుట్టే కంపెనీలో ఒకే లైనులో పని చేస్తాం. ఒకరు కుట్టిన ముక్క వెనకవాళ్లకు అందుతుండాలి. లైనంతటికీ ఒక్కటే బిళ్ల. ఎర్ర ప్లాస్టిక్ బిళ్ల, సూపర్‌వైజరు బల్ల పక్కన మేకుకు వేలాడుతుంటుంది. అది మెళ్లో వేసుకుంటేనే బాత్రూముకు వెళ్లాలి. ఒకరు తిరిగొచ్చేదాకా ఇంకొకరు లేవకూడదు. లేచినవాళ్ల దగ్గర బట్ట కుప్పపడితే వెనకవాళ్ల తిట్లు వేరే. అందుకే కొత్తగా చేరినవాళ్లకు సూదిలో దారం ఎక్కించడం కన్నా ముందు అక్కడ నేర్పేది ఒకటుంది. దాహమేస్తే నీళ్లు పుక్కిలించి ఊసెయ్యాలి. మింగకూడదు.

ఆ విద్యలో మా చెల్లెల్ని మించినవాళ్లు లేరు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేచేది కాదు. సూపర్‌వైజరు దానికి ఒంటె అని పేరు పెట్టాడు. "ఒంటెను చూసి బుద్ధి తెచ్చుకోండే," అనేవాడు. కడుపుతో ఉన్నప్పుడూ అదే మెచ్చుకోలు. అది మురిసిపోయేది, పిచ్చిది. లైనంతా నవ్వేది. తిలాపాపం తలా పిడికెడు.

డాక్టరమ్మ వెళ్లాక చెల్లెలు అడిగింది. "అక్కా, నేనే చేశానా?"

"నువ్వు కాదే," అన్నాను.

మర్నాడు పనికి వెళ్లాను. సూపర్‌వైజరు ఎదురొచ్చి, "మన ఒంటె ఎప్పుడొస్తుంది? అది లేక లైను కుంటుతోంది," అన్నాడు. బిడ్డ ఎలా ఉందని అడగలేదు. పోయి నా మిషను ముందు కూర్చున్నాను.

నా ముందు మిషను మీద కాజాలు కుట్టే అమ్మాయి. కడుపు మిషను బల్లకు తగులుతోంది. సీసా ఎత్తి, నీళ్లు నోట్లో పోసుకుని, పుక్కిలించి డబ్బాలో ఊసింది.

నా మిషను ఆపేశాను. "మింగు," అన్నాను.

"బిళ్ల వేరేవాళ్ల దగ్గరుందక్కా..."

"మింగవే!"

బెదిరిపోయి గటగటా తాగింది. "పొద్దున్నుంచి ఒక్కసారైనా వెళ్లావా?" అంటే తల అడ్డంగా ఊపింది. చెయ్యి పట్టుకుని లేపాను. మా ఇద్దరి బల్లల మీద చొక్కాలు కుప్పపడ్డాయి. వెనకనుంచి ఎవరూ కిమ్మనలేదు.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి అడ్డంగా నిలబడ్డాడు. "బిళ్ల ఏది?"

"బిళ్ల కావాలా నీకు? ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు, ముక్కులో గొట్టం పెట్టి. పో, పోయి చూడు! నీ ఒంటె కన్న బిడ్డ."

లైనంతా వినేలా అన్నాను. వాడు తప్పుకున్నాడో, నేనే తోసుకుని వెళ్లానో గుర్తులేదు.

బాత్రూము తలుపు ముందు కాపలా నిలబడ్డాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో సాయంత్రానికి తేలుతుంది. లోపలినుంచి ఆ అమ్మాయి, "అయిపోయిందక్కా, వచ్చేస్తున్నా," అంది కంగారుగా. ఇంకా అవనేలేదని చప్పుడు చెబుతూనే ఉంది.

"తొందరేం లేదు. నింపాదిగా రా," అన్నాను.