ఇంజను గదిలో నీళ్లు

నిన్నటి నుంచి ఒకటే వాన. సముద్రం ఒడ్డున కొండల చాటున పడవ లంగరు వేసిన ఆ చోట మరో నరమానవుడు లేడు, ఫోనుకు సిగ్నలూ లేదు. పడవ నడిపే సరంగు మాత్రం అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా కాళ్లు చాపుకుని టీ తాగుతూ, "ఈరోజు సెలవు" అని తేల్చేశాడు.

ఇంజను డ్రైవరుకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి ఇంకా ఒక్క పగటి ప్రయాణం. భార్యకు నెలలు నిండాయి, పురుడొచ్చేలోగా వచ్చేస్తానని మాటిచ్చాడు. పోనీ ఈ సరంగు పరాయివాడా? ఆమెకు సొంత అన్నయ్య!

"బావా, అక్కడ నీ చెల్లెలు ఏ క్షణాన కంటుందో తెలీదు. నువ్విక్కడ చినుకులు లెక్కపెడుతున్నావు!"

"దాని మొగుణ్ణి దానికి క్షేమంగా అప్పజెప్పాలిగా. ఈ గాలిలో నేను కదలను. పోయి నీళ్లు తోడుకో."

డ్రైవరు విసురుగా ఇంజను గదిలోకి దిగాడు. చీలమండ లోతు నీళ్లున్నాయి. వానను నోటికొచ్చినట్టు తిడుతూ తోడిపోశాడు. మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. దిగి చూస్తే మళ్లీ అన్నే నీళ్లు. పైనుంచి చుక్క పడటం లేదు, మరివి ఎక్కడివి? వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

ఉప్పగా ఉన్నాయి.

రెండు రోజులుగా తోడుతున్నవన్నీ వాన నీళ్లేననుకున్నాడు. రుచి చూడాలని తట్టనే లేదు. టార్చి పట్టుకుని ఇంజను కిందికి దూరితే, రెండు చెక్కల మధ్య కూరిన దూది జానెడు మేర ఊడిపోయి కనిపించింది.

ఇద్దరూ కలిసి గోనెగుడ్డ కుక్కి, పడవను ఇసుక మీదికి ఎక్కించారు. ఆటు వచ్చి నీళ్లు వెనక్కి పోయాక కొత్త దూది కూరి గుగ్గిలం పూశారు.

"పొద్దున నా మాట విని ఉంటే ఈపాటికి నడిసముద్రంలో..." డ్రైవరు సరంగు చేతులు రెండూ పట్టుకున్నాడు. "నీ మేలు మర్చిపోలేను బావా."

"ఆ దణ్ణమేదో వానకి పెట్టు. నాకు బద్ధకమేసి ఆగానంతే. సరే, గాలి కూడా పడిపోయింది. తెల్లారగానే బయల్దేరదామా?"

"ముందు ఆ గది చూడనీ."

రాత్రంతా మళ్లీ వాన కురిసింది. పోటుకు పడవ తేలింది. తెల్లారి డ్రైవరు దిగేసరికి ఇంజను కింద నాలుగు వేళ్ల నీళ్లు! వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు. చప్పగా ఉన్నాయి. ఈసారి దోసిలి పట్టి, డీజిలు వాసనను కూడా పట్టించుకోకుండా ఒక గుక్క తాగేశాడు.

"లంగరెత్తు బావా!" అని కేక పెట్టాడు. "ఇవి వాన నీళ్లే!"