కాలరమ్మ కుట్టిన మొదటి చొక్కా

బట్టల ఫ్యాక్టరీలో ఆమెని అందరూ కాలరమ్మ అనేవాళ్లు. పదిహేడేళ్లు రెండో వరసలో, కిటికీకి దూరంగా ఉన్న కుర్చీలో కూర్చుని కాలర్లు కుట్టింది. కాలర్లు తప్ప ఇంకోటి కుట్టలేదు. లోపల గట్టి గుడ్డ పెట్టి కుట్టడం, మూలలు కత్తిరించడం, తిరగేసి మొనలు బయటికి లాగడం, పక్కకి తోసెయ్యడం. మళ్లీ ఇంకోటి. కలలోకి వచ్చే మనుషులకి కూడా చొక్కా మెడ దగ్గరే ఆగిపోయేది.

ఎందుకు మానేశావంటే చెప్పడానికి ఆమె దగ్గర పెద్ద కారణమేమీ లేదు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల గంట మోగింది. లేద్దామనుకుంది, లేవలేదు. నడుం పట్టేసిందేమోనని పక్కవాళ్లు కంగారుపడ్డారు. అదేం కాదు. లేస్తే మళ్లీ వచ్చి అక్కడే కూర్చోవాలి కదా అనిపించింది, అంతే. ఆ సాయంత్రం సూపర్‌వైజరు బల్ల మీద కాగితం పెట్టేసింది.

"బయటికెళ్లి ఏం చేస్తావమ్మా?" అన్నాడాయన.

"సొంతంగా కుట్టుకుంటానండీ."

"ఇక్కడ చేసేదీ అదేగా!"

ఆమె సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది.

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. మాట తక్కువ మనిషి. ముందుగది ఖాళీ చేసి, కిటికీ పక్కన మిషను వేసి, బోర్డు తనే రాశాడు. అక్షరాలు మొదట్లో దర్జాగా మొదలై, చివరికొచ్చేసరికి చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అయినా చదవొచ్చు: చొక్కాలు కుట్టబడును.

నాలుగో రోజుకి మొదటి బేరం వచ్చింది. ఎదురింట్లో ఉండే లెక్కల మాస్టారు. రిటైరైనా ఇంట్లో ట్యూషన్లు చెబుతుంటాడు. లేత నీలం గుడ్డ తెచ్చి, "ఫ్యాషన్లూ గీషన్లూ వద్దమ్మా. పొట్టి చేతులు చాలు. బోర్డు మీద రాసేటప్పుడు చెయ్యి పైకి లేవాలి, అంతే నాకు కావాల్సింది," అన్నాడు.

ఆయన వెళ్లాక గుడ్డ పరిచి కత్తెర పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో తను ఒక్క చొక్కా కూడా మొదట్నుంచి చివరిదాకా కుట్టలేదు. బోర్డు రాయించేటప్పుడు ఈ సంగతి ఎలా తట్టలేదో!

మొగుడి పాత చొక్కా ఒకటి కుట్లు విప్పి ముక్కలు చేసింది. వాటిని కొలతకి పెట్టుకుని గుడ్డ కోసింది. కాలర్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. చేతులకి రెండు రోజులు పట్టింది.

మాస్టారు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. "మెడ దివ్యంగా ఉందమ్మా! నా పెళ్లికి కూడా ఇంత మంచి కాలర్ వేసుకోలేదు." అని, రాస్తున్నట్టు చెయ్యెత్తాడు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకాస్త ఎత్తబోతే చొక్కా ముందుభాగమంతా మెలిపడి పైకొచ్చింది. "ఇలాగైతే బోర్డు కింది సగంలోనే లెక్కలు చెప్పాలి నేను," అని నవ్వాడు. "తొందరేం లేదు, నిదానంగా చూడు."

కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. ఒక చెయ్యి విప్పింది, కుట్టింది. రెండోది విప్పింది, కుట్టింది. అదే మెలిక. మళ్లీ చేసింది. మళ్లీ అదే. సాయంత్రం మొగుడు వచ్చేసరికి ఒళ్లు హూనమై గోడకి చేరగిలబడి ఉంది.

"నన్ను వెనక్కి తీసుకుంటారంటారా?"

"ఎందుకు తీసుకోరు? నీలా కాలర్ కుట్టేవాళ్లు వాళ్లకెక్కడ దొరుకుతారు?"

ధైర్యం చెబుదామనే అన్నాడు పాపం. ఆమెకి మాత్రం ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు పని వదిలే వేళకి ఫ్యాక్టరీ గేటు దగ్గరికెళ్లింది. పాత కుర్చీ అడగడానికే వెళ్లింది. చొక్కా ఎందుకు సంచిలో వేసుకుందో తనకే తెలీదు. ముందుగా బయటికొచ్చింది చేతులక్క. మూడో వరసలో కూర్చుని చొక్కాలకి చేతులు అతికేది ఆమే.

"ఏమ్మా కాలరమ్మా, దుకాణం ఎలా ఉంది?"

సంచిలోంచి చొక్కా తీసి చూపించింది. చేతులక్క కళ్లతో చూడనే లేదు. చంక కుట్టు వెంబడి రెండు వేళ్లు అటూ ఇటూ పోనిచ్చి పకపకా నవ్వింది. "ఓసినీ! కుడిచెయ్యి ఎడమకీ, ఎడమచెయ్యి కుడికీ తగిలించావే!"

"రెండూ ఒకేలా ఉన్నాయి కదక్కా!"

"ఒకేలా ఎందుకుంటాయి? ముందువైపు వంపు లోతుగా కోస్తారు. మనకి సుద్దగీత పెట్టి ఇస్తారుగా, నీ ముక్కలకి గీత పెట్టుకున్నావా?"

పెట్టుకోలేదు. పైగా ఒక్కో చెయ్యే విప్పి ఉన్నచోటే మళ్లీ కుట్టింది. ఇంకెన్నిసార్లు కుట్టినా అంతే.

ఇద్దరూ బస్టాపు బెంచీ మీద కూర్చున్నారు. చేతులక్క సంచిలోంచి బ్లేడు ముక్క తీసి కుట్లు విప్పుతూ ఆవులించింది. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. "ఇన్నేళ్లూ నీ వెనకే కూర్చున్నా. నీ జడ తప్ప మొహం సరిగ్గా చూసిన గుర్తే లేదు," అంది.

"నువ్వూ వచ్చెయ్యక్కా. కలిసి కుడదాం."

"నాకంత ఓపిక లేదే. ఇక్కడైతే ఆలోచించక్కర్లేదు."

అంతలో సూపర్‌వైజరు గేటు దాటి వచ్చాడు. ఆగి, "బాగున్నావామ్మా?" అన్నాడు. అడగాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయటపెట్టే ఓపిక లేకపోయింది. "బాగున్నానండీ," అంది. ఆయన వెళ్లిపోయాడు.

చేతులు మార్చి కుట్టాక మాస్టారి చెయ్యి పూర్తిగా లేచింది. ఇంకో రెండు గుడ్డలు తెచ్చాడు, తమ్ముణ్నీ పంపాడు. ఆ తర్వాత బేరాలు కొన్ని వారాలు ఉండేవి, కొన్ని వారాలు ఉండేవి కావు. ఫ్యాక్టరీలో కూర్చుని కూర్చుని పట్టుకున్న నడుంనొప్పి ఎక్కడికీ పోలేదు.

వానపడి ఆగిన ఒక మధ్యాహ్నం ఆమె మిషను మీద తలపెట్టి నిద్రపోయింది. సెలవురోజు కావడంతో ఇంట్లోనే ఉన్న మొగుడు చూసి, చప్పుడు కాకుండా కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నాడు. కాసేపటికి ఎవరో ఒకావిడ గుడ్డ పట్టుకుని మెట్టెక్కింది.

"టైలరమ్మ లేరా?"

"ఉంది. పడుకుంది. లేపనా?"

ఆవిడ లోపలికి తొంగి చూసింది. "వద్దులెండి," అని చెప్పులు విప్పి, చివరి మెట్టు మీద తడి లేనిచోట కూర్చుంది.