అందరూ గుర్తుపట్టిన మనిషి

డీజిల్ కరువొచ్చిన ఆ ఎండాకాలం, చిరాగ్‌పల్లి దగ్గర బంబై రోడ్డు పొడుగునా లారీలు బారులు తీరి నిలబడిపోయాయి. చేలల్లో ఇంజన్లు మూగబోయాయి. అల్లం మడులు పగుళ్ళిచ్చాయి. రోడ్డు పక్క నా చాయ హోటలుకు మాత్రం గిరాకీ పెరిగింది. పని లేని డ్రైవరు చాయ తాగక ఏం చేస్తాడు?

మా ఆయన ఇంజన్ మిస్త్రీ. మూడేళ్ళ కిందట సముద్రం దాటి నూనెబావుల దేశానికి పోయాడు. మా వాళ్ళకు అటువైపున్నవన్నీ దుబాయే గానీ అది దుబాయి కాదు. పేరు మాత్రం చెప్పను. ఢిల్లీవాళ్ళకే ఆ పేరెత్తడానికి నోరు రాలేదు. అక్కడ రాజు మాటే చట్టం. జీతాలు ఇవ్వడం లేదని కూలీలు పని ఆపితే, సిపాయిలొచ్చి ముందు నిలబడ్డవాళ్ళను బండెక్కించారట. మా ఆయన ఎక్కడైనా ముందు నిలబడే రకమే. ఆయన గదిలోనే ఉండి తిరిగొచ్చిన జహీరాబాద్ జబ్బార్ నాకీ సంగతి చెప్పాడు.

అప్పటి నుంచి నేనెక్కని ఆఫీసు మెట్టు లేదు. ఢిల్లీకి అర్జీ పెట్టాను, పత్రికలో వేయించాను. హైదరాబాదులో ఒక పెద్దమనిషి నాకు కుర్చీ వేసి మరీ బుద్ధి చెప్పాడు. "అమ్మా, మనకు నూనె పోసేది వాళ్ళు. ఒక్క మనిషి కోసం గట్టిగా అడిగితే దేశమంతా చీకటవుతుంది. మీ ఊళ్ళో ఇంజన్లు నడవొద్దా?" అన్నాడు. "ఇప్పుడు నడుస్తున్నాయా సారూ?" అని లేచి వచ్చేశాను.

ఒక రోజు పొద్దున సర్పంచు జగన్‌మోహన్ రొప్పుతూ హోటలుకు వచ్చాడు.

"వదినె, బస్వరాజన్న దొరికిండు! ఇయ్యాల్నే తోల్కొస్తున్నరు. ఢిల్లీ నుంచి టెలిగ్రాం వచ్చింది."

పొయ్యి మీద పాలు పొంగి పోయినా చూసుకోలేదు. సంతోషంతో ఏడ్చాను, దాచేదేముంది.

బడి ముందు షామియానా వేశారు. మనిషి కన్నా ముందు డీజిల్ ట్యాంకరు వచ్చింది. తర్వాత కారు వచ్చింది. అందులోంచి ఢిల్లీ ఆఫీసరు దిగాడు, ఆయన వెనకాల ఇంకొకడు దిగాడు. అదే ఎత్తు, అదే చామనఛాయ. ఒంటి మీద నేను కుట్టిచ్చిన నీలం చొక్కా. కానీ ఆ మనిషి మా ఆయన కాదు.

వాడు నేరుగా నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

"మంచిగున్నవా, మిర్పకాయా?"

నా నోటి దురుసుకు మా ఆయన పెట్టిన పేరది. తలుపేసుకున్నాకే అనేవాడు. తల తీసినా బయట అనేవాడు కాదు. ఆ మాట వీడి దాకా వచ్చిందంటే, దాన్ని రాబట్టడానికి ఆయన్ను ఏం చేసి ఉంటారో అక్కడే, అంత ఎండలో, నాకు కళ్ళకు కట్టింది.

తర్వాత వాడు మా అత్త గిరిజమ్మ మోకాలి నొప్పి సంగతి అడిగాడు. చచ్చిపోయిన మా ఎద్దును పేరు పెట్టి తలుచుకున్నాడు. అన్నీ సరిగ్గానే చెప్పాడు, ఒక్కటీ తడుముకోలేదు. జనం ముక్కున వేలేసుకున్నారు.

"ఈన కాదు. ఈనెవరో నాకు తెల్వదు," అన్నాను గట్టిగా.

ఎవరూ నా ముఖం చూడలేదు. అందరి చూపూ ట్యాంకరు మీదే ఉంది.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "ఆ దేశం స్నేహపూర్వకంగా మీ మనిషిని అప్పజెప్పింది. ఊరు ఒప్పుకుంటే ఈ విషయం ఇంతటితో ముగుస్తుంది. డీజిల్ ఇక్కడే దించుతారు. మీ పిల్లలకు అక్కడ పనులూ దొరుకుతాయి."

"ఒప్పుకోకపోతే?" అన్నాను.

"వాళ్ళు పంపినవి వాళ్ళకే తిప్పి పంపాలి. నూనైనా, మనిషైనా."

జగన్‌మోహన్ లేచి నిలబడ్డాడు. "మనది ప్రజాస్వామ్యం. ఒక్కల మాట కాదు, అందరి మాట కావాలె. ఈయన బస్వరాజే అనెటోళ్ళు చేతులెత్తున్రి."

ముందు అల్లం రైతులు ఎత్తారు. మా ఆయన్ను జన్మలో చూడని లారీ డ్రైవర్లు కూడా ఎత్తారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది వాళ్ళ యవ్వారం. ఆడవాళ్ళ వరసలో గాజులు గలగలలాడాయి. జబ్బార్ తల వంచుకుని ఎత్తాడు.

"నువ్వు సుతనా, భాయ్?"

"మాఫ్ చెయ్యి వదినమ్మా. తమ్మునికి వీసా ఇస్తమన్నరు."

మా అత్త ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని బుగ్గలు తడుముతోంది. ఆమె కూడా చెయ్యెత్తింది. నా కోపం నషాళానికంటింది.

"కన్నతల్లివి, నీకు తెల్వదా అత్తమ్మా?"

"తెల్వకేంది బిడ్డా," అంది నా చెవిలో. "ఈన కాదంటే నా కొడుకు సచ్చిపోయినట్టు. అవునంటే బతికే ఉన్నట్టు. నన్నేం చెయ్యమంటవ్?"

ఆఖరుకు ఆ కొత్త మనిషి కూడా చెయ్యెత్తాడు. ఎత్తిన చేతి వేళ్ళకు గోళ్ళు లేవు.

నేనొక్కదాన్నే మిగిలాను. "మా ఇంటాయనైతే ఒక్క మాట మాట్లాడనియ్యున్రి," అని వాణ్ణి ట్యాంకరు చాటుకు లాక్కుపోయాను.

"ఎవ్వడివిరా నువ్వు?"

"హుమ్నాబాద్ దిక్కోన్ని అక్కా. నేను సుత పని బందు వెట్టినోళ్ళల్ల ఉన్న."

"ఆయనేడి?"

"జైల్ల నా పక్క కొట్లనే ఉండె. దినాము గోడ మీద కొట్టి పల్కరిస్తుండె. ఇంటికి తోలుతమని నమ్మిచ్చి మీ ముచ్చట్లన్ని అడిగిన్రు. అన్ని చెప్పిండు. ఇగ అటెన్క గోడ అవతల సప్పుడు లేదు."

నేను ట్యాంకరును పట్టుకుని నిలబడ్డాను. ఇనుము కాలిపోతోంది, అయినా చెయ్యి తియ్యలేదు.

"మరి నీ ఇంటికి నువ్వు పోరాదు?"

"కాళ్ళు మొక్కిన. నీ ఇంటికి ఇంకొకన్ని పంపినం, అక్కడ అందరు గుర్తువట్టిన్రు అన్నరు."

"నీ పెండ్లాం?"

"ఆమె సుత గుర్తువట్టిందంట."

"థూ! అదేం ఆడిదిరా?"

"అట్లనకక్కా," అన్నాడు నెమ్మదిగా. "ఆమె కాదంటే ఆ మనిషిని మళ్ళ అదే కొట్లకు తోల్కపోదురు."

వాడు చేతులు జోడించి నిలబడ్డాడు. ఆ వేళ్ళకేసి చూడకూడదనుకుంటూనే చూశాను. హుమ్నాబాద్ దిక్కున ఎవరో ఒక ఆడమనిషి, నేను ముఖమైనా ఎరగనిది, నాకన్నా ముందు ఇక్కడే నిలబడిపోయింది. ఆమెను థూ అన్నందుకు సిగ్గేసింది.

షామియానాలోకి తిరిగొచ్చాం. మా అత్త వాణ్ణి మళ్ళీ పక్కన కూర్చోబెట్టుకుంది. ఆఫీసరు కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగాడు. "చెప్పమ్మా, ఈయన ఎవరు?"

మా దిక్కు ఆడది మొగుడి పేరు నోటితో అనదు. పెళ్ళినాడు గడపకు అడ్డం నిలబడి ఆడబిడ్డలు పట్టుబడితేనే గుటకలు మింగుతూ సగం అన్నాను. మిగిలిన సగం ఆ రోజు దాకా అనలేదు. ఢిల్లీ ఆఫీసరుకు ఇవన్నీ ఏం తెలుసు?

నేను ఆ మనిషి ముఖంలోకి సూటిగా చూశాను.

"బస్వరాజ్," అన్నాను. ఊరంతా వినేటట్టు, తడబడకుండా, కూరగాయలవాణ్ణి పిలిచినంత తేలిగ్గా.

ఆఫీసరు నవ్వాడు. మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళ వరస మాత్రం బిగుసుకుపోయింది. పక్కింటి నారమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఎదురింటి బస్వమ్మ తల దించేసింది. ఆ మనిషి బుగ్గ మీద మా అత్త చెయ్యి ఆగిపోయింది. వాళ్ళకు అర్థమైంది. ఒక్కరైనా నోరు తెరుస్తారేమోనని చూశాను. ఎవరూ తెరవలేదు. ట్యాంకరు గొట్టం విప్పారు. మగవాళ్ళు డ్రమ్ములు దొర్లించుకుంటూ ఉరికారు, వాళ్ళ వెనకాలే ఆడవాళ్ళూ డబ్బాలు పట్టుకుని లేచారు.

ఆ సాయంత్రానికే ఇంజన్లు మొదలయ్యాయి. అల్లం బతికింది, లారీలు కదిలాయి. మా అత్త వాడికి అన్నం పెట్టింది. వాడు గోళ్ళు లేని వేళ్ళతో, ఒక్కొక్క మెతుకూ ఏరుకుని తిన్నాడు.

మరుసటి వారం పత్రికాయన వచ్చి చాయ తాగి, "మీ ఆయన దొరికాడటగా!" అని నవ్వుకుంటూ పోయాడు. ఢిల్లీలో నా అర్జీ మూసేశారు. దొరికిన మనిషి కోసం ఎవరు వెతుకుతారు? మొన్నటిదాకా మా ఆయన కోసం ఈ భూమ్మీద ఒక్కదాన్నైనా వెతికాను. ఇప్పుడు ఆ ఒక్కదాన్నీ లేను.