కనపడని అతుకు

"ఆ అమ్మాయి చెయ్యి పడితే చాలు, పేజీ కళకళలాడిపోతుందనుకో!" అన్నాడు భర్త. పొద్దుట్నుంచీ ఇదే పాట.

ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చేతిలో అతని చొక్కా కాలరు కాస్త గట్టిగానే నలిగింది.

ఆ అమ్మాయి డిజైనరు. తన కర్టెన్ల దుకాణానికి వెబ్‌సైట్ కావాలని భర్త జీతమిచ్చి పెట్టుకున్నాడు. లోపల నడిచే కోడ్ అంతా రాసేది మాత్రం భార్య. పెళ్లికి ముందు ఆమె చేసిన ఉద్యోగమే అది, కానీ ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అత్తగారి లెక్కలో కోడలు కంప్యూటర్ ముందు కాలక్షేపం చేస్తోంది. డిజైనరు వచ్చిందంటే మాత్రం ఆవిడే లేచి ఫ్యాను వేసి, "పాపం, ఎంత కష్టపడుతోందో పిల్ల" అంటుంది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండిపోయేది. ఆ పిల్ల పొడవాటి వేళ్ల మీద, నవ్వు మీద, చివరికి గుమ్మంలో విడిచిన చెప్పుల మీద కూడా అసూయే. తన మీద తనకే రోత పుట్టేంత అసూయ.

ఆ మధ్యాహ్నం సైటు తెరిచారు. అంత అందమైన పేజీలో, "నమస్కారం" పక్కన కొనేవాళ్ల పేరు రావలసిన చోట, ఉత్త మెలికల బ్రాకెట్లు వచ్చి కూర్చున్నాయి. డిజైనరు ముఖం పాలిపోయింది.

"నీ కోడ్‌లోనే ఏదో తేడా ఉండుంటుంది, చూడు" అన్నాడు భర్త ఆమెతో.

ఆమెకు చూడగానే అర్థమైంది. సైటును లోపల్నుంచి నడిపించే ఫ్రేమ్‌వర్క్ వివరాలన్నీ తెచ్చిస్తోంది, పేజీలో ఖాళీలూ సిద్ధంగా ఉన్నాయి. ఆ ఖాళీలు నింపే టెంప్లేట్ ఇంజన్‌ను ఫ్రేమ్‌వర్క్‌కు ఎవరూ జతచేయలేదు. చేతులు కట్టుకుని ఊరుకుందామనిపించింది. పోనీ, ఆ కళకళలాడే పేజీ పరువు కాస్త పోనీ!

"అక్కా, ఇది నాకు రాదు. కాస్త నేర్పుతారా?" అంది డిజైనరు, గొంతు తగ్గించి.

రాదని అంత సూటిగా ఒప్పుకునేవాళ్లను ఆమె ఆ ఇంట్లో చూడలేదు. కుర్చీ జరిపి చోటిచ్చింది. ఇంజన్ పేరు ఫ్రేమ్‌వర్క్‌కు ఎక్కడ చెప్పాలో, పేజీలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో ఎలా చూపాలో, పేరూ ధరా పేజీకి ఎలా అందించాలో చెబుతూ, అంతా ఆ అమ్మాయి చేతే టైప్ చేయించింది. మళ్లీ తెరిస్తే పేరు చక్కగా కనిపించింది.

"శభాష్!" అన్నాడు భర్త, డిజైనరు వంక చూసి.

సాయంత్రం ఆ అమ్మాయి బ్యాగు భుజాన వేసుకుని, "ఇవాళ్టికి నా పనయిపోయిందండీ, వెళ్లొస్తా" అంది.

ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ తను కుళ్లుకున్నది ఇందుకు. పనయిపోయిందని చెప్పి, గుమ్మం దాటి వెళ్లిపోగలగడానికి.

"రేపు బిల్లుల పేజీ కూడా అలాగే కలిపెయ్. ఇంట్లోనే ఉంటావుగా" అన్నాడు భర్త.

"ఆ అమ్మాయికి నేర్పానండీ. ఇకమీదట తననే అడగండి. నేను ఉద్యోగం వెతుక్కుంటున్నా."

అతను తెల్లబోయాడు. "తను చేస్తే డబ్బివ్వాలి కదే!"

ఆమె అతన్ని తేరిపార చూసింది. ఆ పనికి వెల ఉందని అతనికి మొదట్నుంచీ తెలుసన్నమాట.