బియ్యంలో ఝ

చోడవరం బస్టాండు ఎదుట గౌరీశంకర్‌కి శుభలేఖలు, ఫ్లెక్సీలు వేసే షాపుంది. చుట్టుపక్కల ఏ ఊరి శుభలేఖలోనైనా తెలుగు తప్పుల్లేవంటే అది తన చలవేనని అతని గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇంకెవరికీ లేకపోవడంతో తనే కాస్త ఎక్కువగా చెప్పుకునేవాడు.

కూతురు పుట్టాక ఆ జబ్బు ముదిరింది. పువ్వుల పేర్లు పాతబడ్డాయన్నాడు. నదుల పేర్లు జనం ఎప్పుడో పెట్టేసుకున్నారన్నాడు. మూడు వారాలు వెతికి ‘ఝరి’ అని తేల్చాడు. కొండ మీంచి దూకే నీటిధార అని అర్థం. రెండే అక్షరాలు, పలికితేనే నీళ్ల చప్పుడు వినిపిస్తుందని షాపుకొచ్చిన ప్రతివాడికీ ఉపన్యాసం ఇచ్చాడు. భార్య రేవతి, ఏ చప్పుడూ వినపడకపోయినా, బాగుందంది.

గౌరీశంకర్ వాళ్లమ్మ అచ్చియ్యమ్మ నోట మాత్రం అది తిరగలేదు.

"జెర్రేటిరా? గుంటకి పురుగు పేరెడతావేటి?"

గౌరీశంకర్ వారం పాటు ట్యూషన్ చెప్పాడు. ఒత్తి పలకమంటే ఆవిడ రెండో అక్షరాన్ని ఒత్తేది. జెర్రి ఇంకా లావెక్కేది. బారసాలకి వీడియో పెట్టించాడు, వందమందిని పిలిచాడు, అంతమందిలో పిల్ల జెర్రి అయిపోతే తన పరువేం కావాలి? ముందురోజు వంటింట్లోకెళ్లి, రేపు పేరు పలకొద్దనీ, పాప అని ఊరుకోమనీ చెప్పేశాడు. అచ్చియ్యమ్మ చింతపండు పిసుకుతూ సరేనంది. తేలిగ్గా ఒప్పుకుందని సంబరపడ్డాడే తప్ప ఆవిడ మొహం చూడలేదు.

బారసాలనాడు రేవతి పాపతో పక్కన కూర్చుంది. పళ్లెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరం చేతికిచ్చి, పేరు రాయమన్నారు పంతులుగారు. గౌరీశంకర్ ఠీవిగా ఉంగరం ఆన్చాడు. చెయ్యి ఆగిపోయింది.

ఝ ఎలా రాయాలి?

పదిహేనేళ్లుగా తను మీటలు నొక్కుతున్నాడు, అక్షరాలు వాటంతటవే వచ్చి తెర మీద కూర్చుంటున్నాయి. చేత్తో ఝ రాసింది ఏ నాలుగో తరగతిలోనో. గీశాడు, ‘యు’ అయింది. చెరిపాడు. ఈసారి ‘ఋ’ దాకా వెళ్లి దారి తప్పింది. చెరిపాడు. మూడోసారి గీసింది ఏ భాషలోనూ లేదు, పక్కన ‘రి’ ఒక్కటే కుదిరింది. బావ దాసు మెడ సాచి చూసి "యురి" అని పైకే చదివాడు. వీడియోవాడు శ్రద్ధగా కెమెరాని పళ్లెం మీదకి దించాడు.

గౌరీశంకర్‌కి చెవులు వేడెక్కాయి. తనకి ఆ అక్షరం రాయడం రాదని ఒప్పేసుకున్నాడు. అందరూ నవ్వారు. నిన్న వంటింట్లో అమ్మకీ ఇలాగే ఉండి ఉంటుందని అప్పుడు తోచింది. సిగ్గుతో తల వాలిపోయింది.

అచ్చియ్యమ్మ వచ్చి పక్కన కూలబడి, కొడుకు వీపు మీద చెయ్యి వేసింది.

"పోన్లేరా బాబూ. నాకు పలకడం రాదు, నీకు రాయడం రాదు. గుంట బడికెళ్లొచ్చి ఇద్దరికీ నేర్పుతాది."

అతను పిల్లని తీసి ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"ముందు నువ్వే పిలవమ్మా. నీకెలాగొస్తే అలాగ."

అచ్చియ్యమ్మ ఒకసారి కొడుకు మొహంలోకి చూసింది. తర్వాత మనవరాలి చెవి దగ్గర వంగి, వందమందికీ వినపడేలా, జెర్రీ అని పిలిచింది.